గడ్డకట్టే గుణాన్ని సీసాలో పట్టడం

రక్తపింజరి కరిచిందన్న అనుమానంతో మనిషిని తీసుకొస్తే ఆసుపత్రిలో మొదట చేసే పరీక్షకు కరెంటు కూడా అక్కర్లేదు. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రంగా ఆరిన గాజు గొట్టంలో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు నిలబెడతారు. ఆ తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. మామూలు రక్తమైతే ఈలోగా గడ్డకట్టి గొట్టం అడుగునే ఉండిపోతుంది. జారి బయటికొస్తే విషం పని మొదలైందన్నమాట. గొట్టం ప్లాస్టిక్‌ది కాకూడదు, సబ్బుతో కడిగిందీ కాకూడదు. గాజు తగిలితేనే రక్తంలో గడ్డకట్టించే ప్రొటీన్లలో ఒకటైన 12వ ఫ్యాక్టరు మేల్కొని గడ్డకట్టే పనిని ఆరంభిస్తుంది. పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు, పాచిపెంట, మక్కువ మండలాల్లో కొండవాలు పొలాల్లో వంగి పనిచేసేవాళ్ల ప్రాణం చాలాసార్లు ఈ గాజు గొట్టం మీద ఆధారపడుతుంది.

ఈ విషం రక్తాన్ని నీరు చేస్తుందని జనం అనుకుంటారు. నిజానికి అది రక్తాన్ని గడ్డకట్టిస్తుంది, అదీ అతివేగంగా, ఒళ్లంతా ఒకేసారి. అందులోని ఒక ఎంజైము 10వ ఫ్యాక్టరును, ఇంకొకటి 5వ ఫ్యాక్టరును తట్టి లేపుతాయి. రక్తనాళాల్లో ఎక్కడికక్కడ సన్నటి గడ్డలు పుట్టి కరిగిపోతుంటాయి. గడ్డకట్టడానికి ఉన్న సరుకంతా గంటల్లోనే ఖర్చయిపోతుంది. అప్పుడిక చిగుళ్ల నుంచీ మూత్రంలోంచీ సూది గుచ్చిన చోటు నుంచీ రక్తం కారుతూనే ఉంటుంది. అందుకే ముందు విషానికి విరుగుడు మందు పడాలి. విరుగుడు వేయకుండా, ఆ సరుకుండే రక్తద్రవం ప్లాస్మాను ఎక్కిస్తే, ఒంట్లో తిరుగుతున్న విషం ఆ కొత్త సరుకును కూడా తినేస్తుంది. విషం అణిగాక కాలేయం గడ్డకట్టే ప్రొటీన్లను తానే మళ్లీ తయారుచేసుకుంటుంది. దానికి కొన్ని గంటలు పడుతుంది, కొందరిలో ఒక రోజు.

ఈ పాము ప్రపంచానికి తెలిసింది మన తీరం నుంచే. 1780లలో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నం వచ్చాడు. అతని సోదరుడు క్లాడ్ అప్పుడు అక్కడ ఈస్టిండియా కంపెనీ అధికారి. 1785లో కంపెనీ పాట్రిక్‌ను తన ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. విషమున్న పామేదో లేనిదేదో మామూలు మనిషి చూసి పోల్చుకోగలగాలన్నది ఆయన పట్టుదల. కుక్కల మీదా కోళ్ల మీదా కాటు ప్రయోగాలు చేశాడు, ఇక్కడివాళ్లను అడిగి పేర్లు రాసుకున్నాడు. 1796లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఈ పాము 'కాటుక రేకుల పొడ' అన్న మన పేరుతోనే కనిపిస్తుంది. నాగుపాము తర్వాత అంతటి ప్రాణాంతకమైనది ఇదేనని ఆయన లెక్కగట్టాడు. మన పేరు పుస్తకంలో ఉండిపోయింది, ఆయన పేరు మాత్రం పాముకు అతుక్కుంది.

ఆ విషమే నూట నలభై ఏళ్ల తర్వాత మందుగా అవతారమెత్తింది. హీమోఫీలియా ఉన్న పిల్లలకు ఒక పన్ను పీకినా రోజుల తరబడి రక్తం ఆగేది కాదు. 1934లో లండన్‌లో గ్విన్ మాక్‌ఫార్లేన్ అనే కుర్ర డాక్టరు, అక్కడి జూలో పాముల విభాగం చూసే బర్జెస్ బార్నెట్‌తో కలిసి, ఒక్కొక్క పాము విషాన్నీ హీమోఫీలియా రోగి రక్తంలో కలిపి చూశాడు. రస్సెల్ పాము విషం పదివేల వంతుల నీటిలో ఒక వంతు కలిపినా చాలు, ఆ మొండి రక్తం సెకన్లలో గడ్డకట్టింది. ఆ పలుచని ద్రావణంలో తడిపిన దూదిని పన్ను పీకిన గుంటలో పెట్టి నొక్కేవాళ్లు. 'స్టిప్‌వెన్' పేరుతో అది మందుల దుకాణాల్లోకి కూడా వచ్చింది.

చంపే విషమే రక్తాన్ని ఎలా ఆపిందో తెలియాలంటే గడ్డకట్టే వరస తెలియాలి. ప్లాస్మాలో తిరిగే ఈ ప్రొటీన్లు మామూలప్పుడు నిద్రలో ఉంటాయి. గాయం కాగానే ఒకటి లేచి ఇంకొకదాన్ని లేపుతుంది. 9వ ఫ్యాక్టరు 8వ దాని సాయంతో 10వ దాన్ని లేపుతుంది. 10వది 5వ దాని సాయంతో ప్రోత్రాంబిన్‌ను త్రాంబిన్‌గా మారుస్తుంది. త్రాంబిన్ పోయి, కరిగి ఉన్న ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. ఆ పోగులను 13వ ఫ్యాక్టరు ముళ్లు వేసి బిగిస్తుంది. ఒక్కో మెట్టులో లేచే ప్రొటీన్ల సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది. హీమోఫీలియా-ఎ అంటే 8వది లేకపోవడం లేదా చాలకపోవడం, హీమోఫీలియా-బి అంటే 9వది. రెండు సందర్భాల్లోనూ బండి 10 దగ్గర ఆగిపోతుంది. పాము విషం 8, 9లతో పని లేకుండా నేరుగా 10ని లేపుతుంది. అందుకే పంటి గుంటలో అది ప్రాణదాత, నరంలోకి పోతే యముడు. ఈ వరసకు స్పష్టమైన రూపమిస్తూ 1964లో 'నేచర్' పత్రికలో వ్యాసం రాసినవాడూ ఆ మాక్‌ఫార్లేనే.

పైకి కనిపించే గాయానికైతే దూది పెట్టి నొక్కవచ్చు. హీమోఫీలియాలో ఎక్కువ రక్తం కారేది లోపల, మోకాలి కీలులో, మోచేతిలో, కండలో, ఒక్కోసారి మెదడులో. అక్కడ పాము విషం పనికిరాదు. లేని 8ని తెచ్చి నరంలోకి ఎక్కించడం తప్ప దారిలేదు. అది దొరికేది మరో మనిషి ప్లాస్మాలో. ఒక లీటరు ప్లాస్మాలో ప్రొటీన్లన్నీ కలిపి 60 నుంచి 80 గ్రాములుంటే, అందులో 8వ ఫ్యాక్టరు ఒక మిల్లీగ్రాములో అయిదో వంతుకు మించదు. లక్షల వంతుల్లో ఒక వంతు. దాన్ని మిగతా గుంపులోంచి చెడకుండా ఏరి తీయడమే ఈ అధ్యాయం కథంతా.

ఏరడానికి మనుషులు కనిపెట్టిన మొదటి ఆయుధం చలి. హార్వర్డ్‌లో ఎడ్విన్ కోన్ 1940లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ప్లాస్మాను సున్నాకు దిగువన ఉంచి కొంచెం కొంచెంగా ఆల్కహాలు కలుపుతారు. ఆమ్ల గుణం, ఉప్పు పాలు, ఉష్ణోగ్రత, ఆల్కహాలు శాతం, ప్రొటీను గాఢత అనే అయిదింటినీ పట్టి మార్చుకుంటూ పోతే ఒక్కో దశలో ఒక్కో ప్రొటీను ముద్దయి అడుగుకు దిగుతుంది. 8 శాతం ఆల్కహాలులో, మైనస్ 3 డిగ్రీల దగ్గర మొట్టమొదట దిగేది ఫైబ్రినోజెన్. 8వ ఫ్యాక్టరు దాన్ని అంటిపెట్టుకుని వస్తుంది. ఆల్కహాలు 40 శాతానికి చేరాక చిట్టచివర అల్బుమిన్ దిగుతుంది. ఇదే పని మామూలు వేడిలో చేస్తే ప్రొటీన్లు పాడైపోతాయి.

కోన్‌కు అప్పుడు కావలసింది అల్బుమినే, యుద్ధంలో కాలి, రక్తం కోల్పోయి పడివున్న సైనికుల కోసం. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ క్షతగాత్రులకు తొలిసారి పెద్ద ఎత్తున దాన్ని వాడారు. యుద్ధం ముగిసేసరికి అమెరికన్ రెడ్ క్రాస్ కోటీ ముప్ఫై లక్షల పైంట్ల రక్తం సేకరించింది. అందులోంచి ప్లాస్మాను ఎండబెట్టి పొడిచేసే కాంట్రాక్టులు పుచ్చుకున్న కంపెనీల్లో లెడర్లీ ఒకటి. మన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో చేరి పరిశోధన విభాగం నడిపిన లెడర్లీయే అది. గడ్డకట్టే ప్రొటీన్లు ఈ యుద్ధపు ఏర్పాటులో పక్క సరుకు మాత్రమే. అయినా వాటితో కోన్ ప్రయోగశాల ఫైబ్రిన్ నురుగు తయారుచేస్తే మెదడు ఆపరేషన్లు చేసేవాళ్లు రక్తం ఆపడానికి దాన్ని సంతోషంగా వాడుకున్నారు. నేటి 'ఫైబ్రిన్ గ్లూ' దాని మనవడే. ఒక సిరంజిలో ఫైబ్రినోజెన్, ఇంకొకదానిలో త్రాంబిన్, రెండూ గాయం మీద కలిసిన చోట క్షణాల్లో జిగురు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ ఈ జిగురును మన దేశంలోనే తయారుచేసే విధానాన్ని రూపొందించింది.

మనుషుల ప్లాస్మా చాలని రోజుల్లో పశువుల వైపు కూడా చూశారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఎథెల్ బిడ్‌వెల్ 1950లలో ఎద్దు రక్తం, పంది రక్తం నుంచి 8వ ఫ్యాక్టరు తీసింది. మనిషి సరుకు కన్నా బలమైన మందు. ఒకటి రెండుసార్లు బ్రహ్మాండంగా పనిచేసేది, ఆ తర్వాత రోగి ఒళ్లు దాన్ని పరాయిదిగా పసిగట్టి తిరగబడేది. ప్రాణం మీదికొచ్చిన ఆపరేషన్లకు దాచుకున్న అస్త్రంగానే అది మిగిలిపోయింది.

అసలు మలుపు కర్మాగారాలు లేకుండానే వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో జుడిత్ గ్రాహం పూల్, చలికి గట్టిపరచిన ప్లాస్మాను ఫ్రిజ్‌లో నెమ్మదిగా కరగనిస్తే అడుగున, విరిగిన పాలలో తరకల్లాగా, కరగని ముద్ద కొంచెం మిగలడం గమనించింది. అందరూ పారబోసే ఆ ముద్దను ఆమె పరీక్షకు పెట్టింది. 8వ ఫ్యాక్టరులో పెద్ద భాగం అందులోనే కూర్చుని ఉంది. 1964లో ఈ సంగతి బయటపెట్టింది, మరుసటి ఏడాది ఏ బ్లడ్ బ్యాంకైనా మూసిన సంచుల్లోనే ఈ పని చేసుకునే విధానాన్ని ప్రకటించింది. ఇదే క్రయోప్రెసిపిటేట్, ఆసుపత్రి భాషలో క్రయో. దీనికి కావలసింది మంచి ఫ్రీజరు, ఫ్రిజ్, సెంట్రిఫ్యూజ్, అంతే. ఈ శాస్త్రంలో ఇంత చవకైన, ఇంత జనానికి పనికొచ్చిన ఆవిష్కరణ మరొకటి లేదనే నా అభిప్రాయం.

ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. సగటు మనిషి ప్లాస్మా ఒక మిల్లీలీటరులో ఎంత ఉంటుందో అంత 8వ ఫ్యాక్టరును ఒక యూనిట్ అంటారు. కిలో బరువుకు ఒక యూనిట్ ఎక్కిస్తే రక్తంలో దాని మట్టం 2 శాతం పెరుగుతుంది. 50 కిలోల కుర్రాడు, అతని ఒంట్లో 8 అసలు లేదు, మోకాలు నిండా రక్తం. మట్టాన్ని 50 శాతానికి తేవాలంటే 1,250 యూనిట్లు కావాలి. ఒక దాత సంచి నుంచి వచ్చే క్రయోలో సుమారు 80 నుంచి 100 యూనిట్లుంటాయి కాబట్టి పదమూడు నుంచి పదహారు సంచులు. అదే మందును కర్మాగారంలో శుద్ధిచేసి తీస్తే లీటరు ప్లాస్మాకు చేతికి దక్కేది స్థూలంగా 150 నుంచి 200 యూనిట్లే. ఒక్కో దాత 200 మిల్లీలీటర్లు ఇచ్చాడనుకుంటే ముప్ఫై, నలభై మంది కావాలి. ప్రతి వడపోతలో కొంత, ప్రొటీన్లను వేరుచేసే ప్రతి కాలమ్‌లో కొంత పోతుంది మరి. పైగా 8వ ఫ్యాక్టరు ఒంట్లో పది, పన్నెండు గంటలకే సగానికి తరిగిపోతుంది. సాయంత్రం మళ్లీ మొదలు.

మరి అంత నష్టపడి శుద్ధి చేయడమెందుకు? 1970లలో పొడి మందు వచ్చింది. ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, ఇంట్లోనే ఎక్కించుకోవచ్చు. హీమోఫీలియా కుటుంబాలకు అది స్వర్గమే. వేలమంది ప్లాస్మాను ఒకే తొట్టిలో పోసి తీసిన మందు అది. తొట్టిలో ఒక్క దాతకు జబ్బున్నా సీసాలన్నిటికీ అంటుతుంది. మొదట కామెర్లు, వెనకే హెచ్‌ఐవీ. అమెరికాలో హీమోఫీలియా రోగుల్లో దాదాపు సగం మందికి హెచ్‌ఐవీ సోకింది. అక్కడ చాలా ఊళ్లలో ఒక తరం కుర్రాళ్లు వాళ్లను బతికించిన మందుతోనే పోయారు.

అందుకే నేటి కర్మాగారంలో సగం పని ప్రొటీను తీయడమైతే సగం వైరస్‌ను చంపడం. ప్లాస్మా సంచులను పరీక్షించి, మైనస్ ఉష్ణోగ్రతలో నిలవపెట్టి, ఆ దాత మళ్లీ వచ్చి పరీక్షలో గట్టెక్కాడో లేదో చూసుకునే ఏర్పాటు కూడా కొన్నిచోట్ల ఉంటుంది. తర్వాత వేల లీటర్లను 2, 3 డిగ్రీల దగ్గర కరిగించి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, క్రయో ముద్దను విడదీస్తారు. పూల్ పద్ధతే, తొట్టి పెద్దది. ముద్దను కరిగించి, కొవ్వు పొర ఉన్న వైరస్‌లను చీల్చే ద్రావకం, డిటర్జెంటు కలిపి గంటల తరబడి ఉంచుతారు. న్యూయార్క్ బ్లడ్ సెంటర్‌లో బెర్నార్డ్ హొరోవిట్జ్ బృందం తెచ్చిన ఈ పద్ధతికి 1985లో అనుమతి వచ్చింది. హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, సి మూడూ కొవ్వు పొర ఉన్నవే కాబట్టి మూడూ పోతాయి. హెపటైటిస్-ఎ, పార్వోవైరస్ బి19లకు ఆ పొర లేదు. వాటి కోసం వేడి, నానో వడపోత. ద్రావకాన్ని, తోటి ప్రొటీన్లను కాలమ్‌ల మీద తొలగించి, సీసాల్లో నింపి, చలికి గట్టిపరచి శూన్యంలో ఎండబెడతారు. ఆ పొడిని కొందరు 80 డిగ్రీల్లో 72 గంటలు వేడిచేస్తారు. తడిలో ఉంటే ఆ వేడికి చచ్చిపోయే ప్రొటీను పొడిగా ఉన్నప్పుడు తట్టుకుంటుంది.

ముద్ద తీశాక మిగిలిన ప్లాస్మాను వృథా పోనివ్వరు. అందులోంచి 9వ ఫ్యాక్టరును, దానితోపాటు ప్రోత్రాంబిన్, 7, 10లను కాలమ్ మీద పట్టుకుంటారు. తర్వాత కోన్ ఆల్కహాలు వంతు: ఇమ్యునోగ్లోబులిన్లు, ఆఖరున అల్బుమిన్. వ్యాపారం నడిచేది ఈ చివరి రెండింటి మీద. ఒకే ప్లాస్మా అన్ని రకాల మందులుగా అమ్ముడుపోతేనే 8వ ఫ్యాక్టరు ధర దిగుతుంది. మన దేశంలో ఈ పని చేసే సంస్థలు కొన్నే. హైదరాబాదులో హెమారస్, ముంబై దగ్గర రిలయన్స్ లైఫ్ సైన్సెస్, అహ్మదాబాదు దగ్గర ఇంటాస్ అలాంటివి.

"ఏటి బావూ, మా రగతం ఊరికే తీసికెళ్లి అమ్ముకుంటారేటి?" అని రక్తదాన శిబిరాల్లో అడిగేవాళ్లుంటారు. వాళ్లను చూసి నవ్వనక్కర్లేదు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు వల్ల 1998 జనవరి 1 నుంచి డబ్బుకు రక్తం అమ్మడం మన దేశంలో నిషేధమైంది. దాత ఇచ్చే రక్తానికి ధర లేదు. అందులోంచి మిగిలిన ప్లాస్మాను మాత్రం బ్లడ్ బ్యాంకులు మందుల కంపెనీలకు ఇచ్చి బదులు పొందే ఏర్పాటును ప్రభుత్వమే అనుమతించింది. ఇందులో దాపరికం అక్కర్లేదు. ఇలా చేస్తాం, మీ ప్లాస్మాలో మందు ఇదిగో అని శిబిరంలో ఒక బోర్డు రాసి పెడితే ఆ ప్రశ్నకు జవాబైపోతుంది.

ఈ మందు ఎవరికి కావాలన్నదానికీ ఒక లెక్క ఉంది. సాలూరు ఇప్పుడున్న పార్వతీపురం మన్యం జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం తొమ్మిది లక్షల పైచిలుకు. ప్రపంచ సగటుతో గుణిస్తే జిల్లాలో హీమోఫీలియా-ఎ ఉన్న మగవాళ్లు డెబ్బై, ఎనభై మంది ఉండాలి. కొండ మీది గూడెంలో సున్తీ, పంటి వైద్యం, ఆపరేషన్ ఏవీ జరగని పిల్లవాడిలో జబ్బు బయటపడేది మోకాలి వాపుతో. దాన్ని వాతమనో దిష్టి అనో పసరు కడతారు. కీలు బిగుసుకుపోయాక కుంటివాడన్న పేరు పడుతుంది, రక్తం సంగతి ఎవరికీ తట్టదు.

ఘాట్ రోడ్డు మీద బోల్తాపడ్డ లారీ డ్రైవరుకు, కాన్పులో రక్తం పోతున్న తల్లికి కూడా గడ్డకట్టే సరుకే కావాలి. తీవ్రంగా రక్తం పోయినప్పుడు మిగతా వాటికన్నా ముందు అడుగంటేది ఫైబ్రినోజెన్. క్రయోలో అదీ దండిగా ఉంటుంది. కానీ లారీల ఊరైన సాలూరులో మొదటి గంటలో అక్కరకొచ్చేది ప్లాస్మా మందు కాదు, ట్రానెక్సామిక్ యాసిడ్ అనే చవక ఇంజెక్షన్. ఉన్న గడ్డను కరగకుండా కాపాడడమే దాని పని. గాయమైన మూడు గంటల్లోపు వేస్తే ప్రాణాలు దక్కుతాయని 2010లో పెద్ద ప్రయోగం తేల్చింది. 2017లో కాన్పు రక్తస్రావానికీ అదే తేలింది. దీనికి ఫ్రిజ్ కూడా అక్కర్లేదు.

ప్లాస్మా అవసరమే లేని 8వ ఫ్యాక్టరు కూడా ఉంది. దాని జన్యువు 1984లో దొరికింది. 1992లో జంతుకణాల్లో పెంచి తీసిన మందు అమెరికాలో అమ్మకానికి వచ్చింది. 2017లో అక్కడే అనుమతి పొందిన ఎమిసిజుమాబ్ ఇంకో అడుగు వేసింది. 8 చేసే పనిని నకలు చేసే యాంటీబాడీ అది. 9నీ 10నీ పక్కపక్కన పట్టి ఉంచుతుంది. నరం వెతకనక్కర్లేదు, చర్మం కింద వేస్తే చాలు, వారానికో నెలకో ఒకసారి. దూరపు ఊళ్లకు ఇది వరమే, ధర దిగితే. అయినా దాని మీద ఉన్న రోగికి ఆపరేషన్ చేయాలన్నా, పెద్ద దెబ్బ తగిలినా మళ్లీ ఫ్యాక్టరు సీసా తెరవాల్సిందే. వేలూరు సీఎంసీలో రోగి మూలకణాల్లోకే 8 జన్యువును ఎక్కించి తిరిగి ఒంట్లోకి పంపిన అయిదుగురి ఫలితాలు 2024 డిసెంబరులో వెలువడ్డాయి. ఆ కణాలు కుదురుకున్నాక వాళ్లకు రక్తస్రావాలు ఆగిపోయాయి. అదింకా అయిదుగురి కథే.

ప్రస్తుతానికి మన చేతిలో ఉన్నది ప్లాస్మా. దానికి గడియారం ఉంది. రక్తం తీసిన ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు ప్లాస్మాను విడదీసి మైనస్ 30కి దించకపోతే 8వ ఫ్యాక్టరు క్రమంగా పోతుంది. సంచిని అలాగే ఫ్రిజ్‌లో వదిలేస్తే మర్నాటికి అది బాగా తరిగిపోతుంది. ఎర్రకణాలకు నష్టమేమీ ఉండదు కాబట్టి ఈ నష్టం ఎవరి కంటా పడదు. సాలూరు నుంచి రామభద్రపురం, గజపతినగరం మీదుగా విజయనగరం సుమారు 60 కిలోమీటర్లు. పొద్దున్న తొమ్మిదికి తీసిన రక్తం మధ్యాహ్నానికల్లా అక్కడికి చేరితే క్రయో అవుతుంది, ఫ్యాక్టరు అవుతుంది. నాయకుడి పుట్టినరోజు శిబిరంలో ముఖ్య అతిథి వచ్చేదాకా సంచులు ఆగి, శాలువాలూ ఉపన్యాసాలూ ముగిశాక చీకటిపడే వేళ బయలుదేరితే ఆ ప్లాస్మా అల్బుమిన్‌కు పనికొస్తుందేమో గాని హీమోఫీలియా కుర్రాడికి పనికిరాదు. రక్తం పెట్టె బండెక్కాక ఫొటోలు దిగినా ఎవరి ముఖం కళా తగ్గదు.